ముత్తక్క తెచ్చిన తుపాకి

మొక్కజొన్న కంకులు పాలు పోసుకునే రోజుల్లో, పొద్దు గూకే వేళ, ఇప్పలగూడెం జంపయ్య తన చేనులోనే తుపాకి దెబ్బకు కూలిపోయాడు. గెట్టు పక్క రైతు, వరుసకు బావమరిది అయిన నాగరాజు తనే పోలీసుల ముందుకు పోయి, "పంది అనుకొని పేల్చిన. భయమై తుపాకి వాగుల పారేసిన" అన్నాడు. వాగంతా గాలించినా తుపాకి దొరకలేదు. నిజంగానే పంది అనుకున్నాడా, ఏళ్ల నాటి గెట్టు హద్దు పంచాయితీ మనసులో పెట్టుకొని పేల్చాడా అన్నది తేలక ఊరు రెండుగా చీలింది. నాగరాజు ఖమ్మం జైలుకు పోయాడు. ఎస్సై ప్రభాకర్ ఊరికి గడువు పెట్టాడు. దాచుకున్న నాటు తుపాకులన్నీ శనివారం పంచాయతీ ఆఫీసులో అప్పగిస్తే కేసులుండవు, ఆ తర్వాత దొరికితే మాత్రం జైలే. కొత్తగా సర్పంచ్ అయిన కళావతి ఆ శనివారం పొద్దున్నే ఆఫీసు తాళం తీసి కూర్చుంది. ఎంతసేపు చూసినా ఎవరూ రాలేదు. చివరకు గడప దాటిన మొదటి మనిషి, జంపయ్య భార్య ముత్తక్క. ఆమె చేతుల్లో పాత చీరలో చుట్టిన పొడవాటి మూట ఉంది.

మూటలో ఏముందో విప్పకముందే కళావతికి తెలిసిపోయింది. తెలిసి కూడా కుర్చీలోంచి లేవలేకపోయింది.

ముత్తక్క నేల మీద చతికిలబడి చీర మడతలు విప్పింది. నీళ్ల పైపు కోసి చేసిన గొట్టం, దానికి టేకు కర్ర మడమ, రెంటినీ కలిపి బిగించిన సైకిల్ ట్యూబు రబ్బరు. కర్ర మీద చెయ్యి పట్టే చోట చెమటకు నల్లబడి నున్నగా మెరుస్తోంది. అది జంపయ్య చెయ్యి.

"రాసుకో సర్పంచక్కా" అంది ముత్తక్క. "జంపయ్య తుపాకి. ఆయిన లేడు గని ఇది ఇంట్లనే ఉన్నది."

"నువ్వెందుకు తెచ్చినవ్ ముత్తక్కా?" కళావతి మెల్లగా అడిగింది. "నిన్నెవరు అడుగుతరు?"

"ఎవ్వలు అడుగరనే తెచ్చిన."

బయట వేపచెట్టు కింద నిలబడ్డ మగవాళ్లు కిటికీ ఊచల్లోంచి తొంగి చూశారు. వాళ్లలో సగం మంది ఇళ్లలో ఇలాంటివే ఉన్నాయని కళావతికి తెలుసు. వాళ్లకూ తెలుసు. ఊళ్లో తుపాకి ఎవరింట్లో ఉందన్నది ఎవరింట్లో బర్రె ఈనిందన్నంత మామూలు సంగతి. తుపాకి పేలిన మర్నాడు ఎవరింట్లో కూర ఉడుకుతోందో వాసనే చెప్పేది. జంపయ్య చచ్చిపోయాకే ఒక్కరికీ ఏమీ తెలియకుండా పోయింది.

ఎండ ముదిరేవేళకు పోలీసు జీపు వచ్చింది. ఎస్సై ప్రభాకర్ మధిర వైపు మనిషి, ముప్పై దాటి ఉండవు. వెంట హెడ్ కానిస్టేబుల్ జకర్యా ఉన్నాడు. ఎస్సై లోపలికి వచ్చి, నేల మీద ఉన్న ఒక్క తుపాకినీ, దాని పక్కన కూర్చున్న మనిషినీ చూసి టోపీ తీసేశాడు.

"ఈవిడ..."

"జంపయ్య భార్య సార్" అంది కళావతి.

ఎస్సై టోపీ జకర్యా చేతికిచ్చాడు. తర్వాత గుమ్మంలోకి వచ్చి చెట్టు కింది జనాన్ని చూశాడు.

"భర్తను పోగొట్టుకున్న మనిషి తెచ్చిచ్చింది. మీకేమయిందయ్యా? పేల్చక్కర్లేదు, లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంటేనే నేరం. ఏళ్ల తరబడి లోపల కూర్చోవాల్సి వస్తుంది. ఈ ఒక్క రోజూ నేను కళ్లు మూసుకుంటానంటున్నాను. రేపు మూసుకోను."

జనంలోంచి దూలయ్య ముందుకొచ్చాడు. కళావతికి చినమామ వరుస. అడివంటే అరచేతి గీతల్లా తెలిసినవాడు. ఒకప్పుడు ఎడమ కంటి మీద పంది కోర తగిలి, రెప్ప సగం వరకే లేస్తుంది.

"ఒక్క మాట అడుగుత సారూ, కోపానికి రావద్దు. చేను కావలికి తుపాకి లైసెన్సు ఇస్తరంట గద, కానూన్ల ఉన్నదంట గద?"

"ఉంది."

"దరకాస్తు పెట్టిన నేను. ఎమ్మార్వో ఆఫీసుల పోలీసు రిపోర్టు కావాలన్నరు. పోలీసోళ్లు ఫారెస్టోళ్లను అడుగుమన్నరు. ఫారెస్టోళ్లు, అడివి పక్కపొంటి తుపాకి ఏందిరా అని ఉరికిచ్చిండ్రు. పందులు మాత్రం ఏ దరకాస్తూ పెట్టలే. ఒక్క రాత్రిల చేను సాపు చేసి పోయినయ్. గిప్పుడు తుపాకులు గుంజుకపోతరు. సరే, తీస్కపోండ్రి. పంటకు ఎవలు జిమ్మేదారి?"

"కరెంటు తీగలు పెట్టకుండా సోలార్ కంచె కోసం..." ఎస్సై మొదలుపెట్టి ఆగిపోయాడు. చెప్పబోయేది తనకే నమ్మకం కలిగించనట్టుంది.

"పంట సంగతి పోనీ సారూ" దూలయ్య ఇంకో అడుగు ముందుకేశాడు. "తుపాకులు పోతే సంపుకునుడు ఆగుతదా? పగ ఉన్నోనికి గొడ్డలి లేదా? కత్తి లేదా? మా తాతలనాడు తుపాకులే లేవు, మనుషులు సావలేదా? నాగరాజును పాడుచేసింది తుపాకి గాదు. సారా. గెట్టు పంచాయితీ. సర్వే చెయ్యమని ఎన్నిసార్లు అర్జీలు పెట్టినా రాని సర్వేయరు. వాళ్లందరిని ఇడిసిపెట్టి ఇనుప గొట్టం మీద పడ్డరు మీరు."

చెట్టు కింద తలలు ఊగాయి. కళావతి తల కూడా ఊగబోయింది. దూలయ్య మామ చెప్పిన వాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ సర్వేయరు కోసం తనూ చండ్రుగొండ ఆఫీసు మెట్ల మీద పడిగాపులు కాసింది.

అప్పుడు మాట్లాడింది ముత్తక్క. లేవలేదు, గొంతు పెంచలేదు.

"దూలయ్య మామా, నువ్వన్నది నిజమే. నాగరాజన్నకూ మా ఆయినకూ గెట్టు పంచాయితీ ఏటేటా ఉన్నదే. ఒక ఏడు కట్టెలతోని కొట్టుకున్నరు. ఒక ఏడు గొడ్డలి లేపిండు నాగరాజన్న. గుర్తున్నదా నీకు?"

గుర్తున్నదన్నట్టు దూలయ్య తల ఊపాడు.

"గొడ్డలి పట్టుకొని ఉరికొచ్చిండు. దగ్గరికొచ్చేసరికి ఆగిండు. ఎందుకాగిండు? గొడ్డలి అయితే దగ్గరికి రావాలె మామా. దగ్గరికొస్తే మొఖం కనబడతది. నా పెండ్లిల నన్ను భుజం మీద ఎత్తుకున్నోడు, బావ మొఖం చూసినంక చెయ్యి ఎట్ల లేస్తది? గొడ్డలి ఆడ్నే పారేసి ఏడ్సిండు. సారా తాగే ఉన్నడు ఆ పొద్దు గూడ. దవాఖానకు పోయే పని పడలే. సాయంత్రం ఇద్దరు మా అరుగు మీదనే కూసొని అంబలి తాగిండ్రు." ఆమె నేల మీది తుపాకిని చూపుడు వేలితో తాకి, కాలినట్టు చెయ్యి తీసుకుంది. "దీనికి మొఖం చూసే పని లేదు. గీడ నిలబడి గాడున్నోన్ని కొడతది. కోపం చల్లారేంత జాగ ఇయ్యది. అంతే ఫరకు."

ఎవరో దగ్గారు. దూలయ్య సగం రెప్ప కన్ను నేల చూసింది.

"మరి ఇది మా ఇంట్ల ఎందుకున్నది అంటవా? పందులకే. కోపమొచ్చినప్పుడల్లా దీని దిక్కు చూసేటోడు మా ఆయిన గూడ. నేను చూసిన. ఆ పొద్దు నాగరాజన్న పేల్చకపోతే, ఇంకో పొద్దు జంపయ్యే పేల్చునేమో. అప్పుడు జైల్ల నా మొగుడు, గీడ కూసొని ఏడ్సేది పుష్పలత వదినె. గది సమజయినంక ఇంట్ల దీంతోని నిద్రపట్టలే నాకు."

చెట్టు కింద నుంచి ఒకాయన ఇంటి దారి పట్టాడు. ఇంకొకాయన కదిలాడు. కాసేపట్లో గోనె సంచుల్లో, దుప్పట్లలో, ఒకటయితే ఎరువుల బస్తాలో, తుపాకులు రావడం మొదలైంది. ఎవరూ ఎవరి మొఖమూ చూడటం లేదు. జకర్యా ఒక్కో గొట్టంలోకి ఊది, తుపాకి మందు లేదని చూసి, గోడకు ఆనించి నిలబెడుతున్నాడు. దూలయ్య అందరికన్నా చివర తెచ్చాడు. పెట్టేసి, తుడుచుకోవడానికి చేతిలో ఏదో ఉన్నట్టు అరచెయ్యి పంచెకు రుద్దుకుంటూ నిలబడ్డాడు.

కళావతి చూస్తూ కూర్చుంది. ఆమె గుండెలో ఒక్కటే మాట దరువేస్తోంది. పొద్దున బయల్దేరుతుంటే భర్త బాలకృష్ణ గుమ్మంలో నిలబడి చెప్పిన మాట. "మనింట్ల లేదని చెప్పు. నువ్వు సర్పంచ్‌వి, నీ మాట నమ్ముతరు. నవ్వుకుంట చెప్పు."

అతను ఆ చివరి మాట అనకపోయుంటే బాగుండేది.

వచ్చినవాళ్లు వెళ్లబోతుండగా జనాన్ని తోసుకుంటూ పుష్పలత లోపలికి వచ్చింది. నాగరాజు భార్య. జంపయ్య చచ్చిననాటి నుంచి ఆమె ఊరి బోరింగుకు కూడా అందరూ పోయాకే వచ్చేది. మనిషి సగం అయిపోయింది. ముత్తక్కను చూడగానే ఆమె కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

"రా వదినె" అంది ముత్తక్క.

ఊరంతా పుష్పలతను హంతకుని పెండ్లాం అని పిలుస్తోంది. వదినె అని పిలిచినవాళ్లు లేరు, పిలవకూడని మనిషి ఒక్కతే పిలిచింది.

"నేను తెచ్చేటందుకు ఏం లేదు సారూ" ఎస్సై వైపు తిరిగి చెప్పింది. "మా ఇంట్ల తుపాకి ఎన్నడూ లేదు."

ఎస్సై కళ్లు చిన్నవయ్యాయి. "లేదా? మరి నీ భర్త వాగులో పారేసింది?"

"పారెయ్యలే. పారేసిన అని చెప్పుమన్నరు."

"ఎవరు?"

పుష్పలత కళావతి వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, క్షమించమని అడుగుతున్నట్టుంది.

"తుపాకి బాలకృష్ణ బావది" అంది పుష్పలత. "అడిగినోళ్లకు ఇచ్చేటోడు. పంది పడితే వాటా కూర తీసుకునేటోడు. మందు గూడ ఆయినదే, రాళ్ల క్వారీల నుంచి తెచ్చేటోడు. ఇది ఊళ్లె ఎవలకు తెల్వదు? ఆ పొద్దు మా ఆయిన ఒక్కడు పోలే. ఇద్దరు కలిసి పోయిండ్రు. తెల్లారి బాలకృష్ణ బావ మా ఇంటికొచ్చిండు. నా పేరు ఎత్తకు, తుపాకి వాగుల పడ్డదని చెప్పు, వకీలును నేను మాట్లాడుత, బెయిల్ మీద బయటికి తెస్త అన్నడు."

చెట్టు కింద కలకలం. ముత్తక్క మొట్టమొదటిసారి లేచి నిలబడింది.

"ఎవలు పేల్చిండ్రు వదినె?"

"నాకు చెప్పలే."

"ఎవలు పేల్చిండ్రు?"

"నా పిల్లల మీద ఒట్టు, చెప్పలే ముత్తక్కా! మొన్న జైల్ల ములాఖత్‌కు పోయినప్పుడు అడిగిన. జాలీ అవతల తల కొట్టుకుంట ఏడ్సిండు. బయటికి వచ్చినంక ముత్తక్క ముందల నిలబడి చెప్త, అప్పటిదాంక నన్నేం అడుగకు అన్నడు. గంతే."

గదిలోని కళ్లన్నీ ఇప్పుడు ఒకే కుర్చీ మీద ఉన్నాయి.

ఎస్సై మెల్లగా తిరిగాడు. ఆయన గొంతులో కాఠిన్యం లేదు, అదే కళావతికి మరీ బరువనిపించింది. "సర్పంచ్ గారూ. మీ ఇంట్లో తుపాకి ఉందా?"

ఉంది అనడానికి రెండు అక్షరాలు. కాని ఆ రెండక్షరాలకు ముందు ఎన్ని అడ్డొచ్చాయి! పెళ్లయిన కొత్తలో జ్వరంతో ఉన్న తనను కొత్తగూడెం దవాఖాన దాకా వాగులు దాటించి మోసుకుపోయిన మనిషి అడ్డొచ్చాడు. ఇంటర్ చదువుతున్న కూతురు అడ్డొచ్చింది. రేపటి నుంచి ఆ పిల్లను బస్సులో ఎవరెలా చూస్తారోనన్న దిగులు అడ్డొచ్చింది. జంపయ్య పోయిన ఆ సాయంత్రం అడ్డొచ్చింది. దూరంగా తుపాకి చప్పుడు విని ఎవరికో పంది దొరికిందనుకుంటూ ఆమె పొయ్యి రాజేసింది. బాలకృష్ణ దొడ్డిదారిన వచ్చి, నిచ్చెన వేసుకొని అటక ఎక్కి, దిగి, చేతులు కడుక్కొని, మళ్లీ కడుక్కొని, "ఆకలి లేదు" అని పడుకున్నాడు. అంతలోనే జంపయ్య ఇంటి వైపు నుంచి ఏడుపు. ఆమె వెళ్లి ముత్తక్కను పొదివి పట్టుకుంది. ఆ తర్వాత ఒక్కసారి కూడా భర్తను ఏమీ అడగలేదు. అడిగితే చెబుతాడేమోనని భయం.

ఎన్నికలప్పుడు ఇదే ముత్తక్క తన వెంట ఇల్లిల్లూ తిరిగింది. "మా కళావతక్క అబద్ధం ఆడది" అని చెప్పి ఓట్లడిగింది.

కళావతి కుర్చీలోంచి లేచింది.

"ఉంది సార్" అంది. "అటక మీద, గోనె సంచిల."

ఆ మాట అన్నాక తేలికవుతుందనుకుంది. కాలేదు. ఊపిరి మాత్రం ఆడింది. ముత్తక్క తన వైపు చూస్తుందేమోనని ఎదురుచూసింది. ముత్తక్క చూడలేదు. తలుపు వైపు చూస్తూ నిలబడింది.

"అది దొరికితేనే కేసు నిలబడుతుంది" అన్నాడు ఎస్సై. "శరీరంలో దొరికిన గోలీలు సైకిల్ బేరింగువి. ఆ సంచిలో ఇంకా అవే మిగిలి ఉంటే..." మిగతా మాట మింగేశాడు. "పదండమ్మా, మీరే తీసివ్వండి. అది మీకే మంచిది."

పంచాయతీ ఆఫీసు నుంచి కళావతి ఇల్లు కూతవేటు దూరం. ఆ దారిలో ఆమె ముందు నడిచింది, వెనక ఎస్సై, జకర్యా. వాళ్ల వెనక పిలవకుండానే ముత్తక్క, పుష్పలత. ఇళ్ల ముందు చాపల మీద ఎండబోసిన ఇప్పపూల వాసన తలకెక్కుతోంది. గుమ్మాల్లో ఆడవాళ్లు పని ఆపి చూస్తున్నారు. నిన్నటిదాకా "సర్పంచక్కా" అని పలకరించిన నోళ్లలో ఇవాళ మాట లేదు.

బాలకృష్ణ మొఖం ఎలా చూడాలి? ఏమని మొదలుపెట్టాలి? "నీ మంచికే" అందామా? తనే నమ్మని మాట అతనెందుకు నమ్ముతాడు? "పేల్చింది నువ్వు కాదని ఒక్క మాట చెప్పు" అని అడుగుదామా? కాదని అతను చెబితే, తను నమ్ముతుందా?

ఇల్లు తెరిచే ఉంది. అత్త అరుగు మీద కూర్చొని చింతపండు గింజలు తీస్తోంది. పోలీసులను చూసి ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఆయిన ఏడీ అత్తా?"

"ఎవరో ఫోన్ చేసిండ్రు బిడ్డా. జల్దీ జల్దీ పోయిండు."

కళావతి మిగతా మాట వినలేదు. నిచ్చెన అటకకు ఆనించే ఉంది. పొద్దున తను పోయేటప్పుడు అది దొడ్లో ఉండింది. చీర కుచ్చిళ్లు ఎగ్గట్టి ఎక్కింది. బూజు, పాత విత్తనాల కుండలు, విరిగిన నాగలి కొయ్య. చెయ్యి చాపి మూలన తడిమింది. గోనె సంచి చేతికి తగిలింది. లాగితే తేలిగ్గా వచ్చేసింది.

ఖాళీ.

సంచి పక్కన మూత తీసిన డబ్బా, దాని చుట్టూ ఒలికిన నల్లటి మందు. తడిమిన వేళ్లకు చిన్న గుండ్రటి గోలీలు దొర్లి తగిలాయి. ఇప్పుడే, ఆత్రంగా నింపుకున్నట్టు.

ఆమె సంచితోనే కిందికి దిగింది. ఎస్సై అడగకముందే, ఆయనకు ఆ సంచి అన్నీ చెప్పేసింది.

"ఎవరు ఫోన్ చేశారు? ఏమని చెప్పి పోయాడు?" ముసలామె ముందు వంగి అడిగాడు.

"ఖమ్మం నుంచి వకీలంట సారూ" అత్త భయంతో కళావతి కొంగు పట్టుకుంది. "మన నాగరాజుకు బెయిల్ అయిందంట. జైల్ల నుంచి ఇడిసిపెట్టిండ్రంట. కొత్తగూడెం బస్సుల వస్తుండంట. పాపం ఒక్కడే వస్తుండు, ఎదురుపోయి తోలుకొస్త అని పోయిండు మా బాలకృష్ణ."

వెనక పుష్పలత గొంతులోంచి మాట కాని చప్పుడు ఒకటి వచ్చింది.

ఎస్సై జీపు కోసం పరుగెత్తాడు. అడివి దారి మలుపు దగ్గర, చెట్ల అవతల, బస్సు హారన్ మోగింది.